ఒరిగిన బురుజు, ఎగిరిన దర్జీ

జర్మనీ పటం తీసి స్టుట్‌గార్ట్ నుంచి మ్యూనిక్ వరకు రైలుదారి వెంట వేలు జరపండి. మధ్యలో ఒకచోట డాన్యూబు నది అడ్డం వస్తుంది. ఆ నది ఒడ్డునే ఉంది ఉల్మ్ నగరం. జనాభా సుమారు లక్షా ముప్పయి వేలు. మహానగరమేమీ కాదు. అయినా ఈ నెల మనం అక్కడికే పోదాం. ఎందుకంటారా? ఆ ఊళ్లో రైలు దిగి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే చాలు, మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని పాఠాలు రాతిలో, కర్రలో, కంచులో, గాజులో ఎదురవుతాయి. పైగా అక్కడ గెలిచినవారి గుర్తులే కాదు, ఓడినవారి గుర్తులూ ఉన్నాయి.

ఒక దారం, దాని చివర కట్టడానికి చిన్న ఇనుపగుండు, ఒక కొలబద్ద, ఒక పెన్సిలు జేబులో వేసుకోండి. మనకు కావలసిన పరికరాలు ఇవే. ఇక పదండి!

ఇరవైనాలుగు రాళ్లు

స్టేషను నుంచి ఊళ్లోకి పోయే వీధి పేరు బాన్‌హోఫ్ స్ట్రాసె. అంటే స్టేషను వీధి అనే అర్థం. అక్కడ గ్రానైటు రాళ్ల కట్టడం ఒకటి కనిపిస్తుంది. కొన్ని రాళ్లను పడుకోబెట్టారు, కొన్నింటిని నిలబెట్టారు. లెక్కపెట్టండి. మొత్తం 24. రోజులో ఎన్ని గంటలో అన్ని రాళ్లు! స్విట్జర్లాండు కళాకారుడు మాక్స్ బిల్ దీనిని రూపొందించాడు.

ఒకప్పుడు ఈ చోట ఒక ఇల్లు ఉండేది. 1879 మార్చి 14న ఆ ఇంట్లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పుట్టాడు. కాలాన్ని గురించిన మన ఆలోచననే మార్చినవాడికి గంటల గుర్తు తగినదే కదా!

ఐన్‌స్టీన్ ఇంకా మాటలు నేర్చే వయసులోనే, 1880లో, ఆ కుటుంబం మ్యూనిక్ వెళ్లిపోయింది. అయినా ఊరు అతన్ని మరవలేదు. 1922లో ఒక వీధికి అతని పేరు పెట్టింది. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఐన్‌స్టీన్ యూదుడు కనుక ఆ వీధి పేరు మార్చేశారు. తరువాత యుద్ధం వచ్చింది. 1944 డిసెంబరు 17న విమానాలు కురిపించిన బాంబులకు పాత ఊరిలో నూటికి 80 పాళ్లు నేలమట్టమైంది. ఐన్‌స్టీన్ పుట్టిన ఇల్లు కూడా ఆ యుద్ధంలోనే పోయింది. 1945లో వీధికి పాత పేరు తిరిగి వచ్చింది. కాని కొన్నేళ్లకు ఊరు గౌరవ పౌరసత్వం ఇవ్వబోతే ఐన్‌స్టీన్ వద్దన్నాడు. వీధి పలకను ఒక పూటలో మార్చవచ్చు. విరిగిన నమ్మకం అంత త్వరగా అతకదు.

513 ఏళ్లు కట్టిన గోపురం

అదే వీధి వెంట తూర్పుకు నడవండి. ఇళ్ల కప్పులమీదుగా ఒక రాతి శిఖరం పైకి లేస్తూ కనిపిస్తుంది. అది ఉల్మ్ మ్యూన్‌స్టర్ చర్చి గోపురం. ఎత్తు 161.53 మీటర్లు. 1890 నుంచి 2025 వరకు ప్రపంచంలోని చర్చి గోపురాలన్నింటిలోకీ ఇదే ఎత్తైనది. 2025 అక్టోబరులో స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరంలోని సగ్రదా ఫమీలియా చర్చి దీనిని దాటింది.

ఈ చర్చికి 1377లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు ఊరి జనాభా పదివేల ప్రాంతం. వాళ్లే చందాలు వేసుకుని, తమ సంఖ్యకు రెట్టింపు మంది పట్టే చర్చి కట్టబూనారు. గోపురం లేస్తూ ఉండగా 1490ల తొలినాళ్లలో రాళ్లు ఊడిపడ్డాయి. అప్పటి మేస్త్రీ మత్తేయుస్ బోబ్లింగర్ ఊరు విడిచి పోవలసి వచ్చింది. బుర్‌కార్డ్ ఎంగెల్‌బెర్గ్ అనే మరొక మేస్త్రీ వచ్చి కట్టడాన్ని గట్టిపరిచాడు. పక్క వసారాల మధ్య సన్నని స్తంభాలు వరసగా నిలిపి బరువును పంచాడు. ఇందులోని సూత్రం మీకు తెలిసినదే. బరువు మారకపోయినా, దాన్ని మోసే వైశాల్యం పెరిగితే ఒక్కొక్క చోట పడే పీడనం తగ్గుతుంది. బల్లకు రెండు కాళ్లకు బదులు నాలుగు కాళ్లు పెట్టినట్లే.

1543లో పని ఆగిపోయింది. గోపురం అప్పటికి సుమారు 100 మీటర్లు లేచింది. ఆ మొండి గోపురం మూడు వందల ఏళ్లు అలాగే నిలబడింది. 1844లో పని మళ్లీ మొదలయింది. ముందుగా గోడలకు ఊతం ఇచ్చే రాతి చాపాలు కట్టి, తరువాతే శిఖరం లేపారు. 1890 మే నెలలో కొనరాయి పెట్టారు. మొదలుపెట్టిన ఏటి నుంచి లెక్కిస్తే 513 ఏళ్లు! పునాదిరాయి వేసినవాడు శిఖరం చూడలేదు. శిఖరం పెట్టినవాడికి పునాది వేసినవాడి ముఖం తెలియదు. అయినా పని ఒక్కటే.

ఈ గోపురానికి 768 మెట్లున్నాయి. పై వసారా ఎత్తు 143 మీటర్లు. పెన్సిలు తీసి భాగించండి. ఒక్కొక్క మెట్టు సగటున 18.6 సెంటీమీటర్లు వస్తుంది. రేపు మీ బడి మెట్లు కొలిచి పోల్చి చూడండి.

చర్చి కప్పుమీద ఒక పిచ్చుక బొమ్మ కూడా ఉంది. దాని వెనుక ఒక తమాషా కథ చెబుతారు. పొడవైన దూలాన్ని అడ్డంగా మోసుకొచ్చిన కూలీలకు ఊరి ద్వారం చాలలేదట. ద్వారం పగలగొడదామని ఆలోచిస్తూ ఉండగా, ఒక పిచ్చుక గడ్డిపోచను కొసతో పట్టుకుని నిలువుగా గూట్లోకి దూర్చడం చూశారట! కథ నిజం కాకపోవచ్చు. కాని తమను తాము వెక్కిరించుకునే కథకు కప్పుమీద చోటిచ్చిన ఊరు ఎలాంటిదో ఊహించండి.

పాతవాటి పక్కన కొత్తవి

చర్చి ముందరి మైదానంలో తెల్లగా, గుండ్రని గోడలతో ఒక భవనం ఉంది. దాని పేరు ష్టాట్‌హౌస్. అమెరికా వాస్తుశిల్పి రిచర్డ్ మేయర్ దానికి నమూనా గీశాడు. 1993లో పూర్తయింది. అంత పాత చర్చి ముందు ఇంత కొత్త భవనమా అని ఊళ్లో పెద్ద వాదాలే జరిగాయి. మీరు లోపలికి వెళ్లి కిటికీలోంచి చూడండి. రాతి గోపురం పటం కట్టినట్లు కనిపిస్తుంది.

అక్కడి నుంచి దక్షిణానికి కొద్ది అడుగులు వేస్తే రాట్‌హౌస్, అంటే నగర సభాభవనం. గోడలనిండా రంగు రంగుల బొమ్మలు. వాటి నడుమ 1520 నాటి ఖగోళ గడియారం. అది గంటలతోపాటు సూర్యచంద్రుల స్థానాలనూ చూపుతుంది. ఆ భవనం పక్కనే గాజు పిరమిడ్ ఒకటి మెరుస్తూ ఉంటుంది. అది నగర గ్రంథాలయం. గాట్‌ఫ్రీడ్ బోమ్ రూపొందించిన ఈ భవనం 2004లో తెరిచారు. ఒకవైపు ఐదు వందల ఏళ్ల గడియారం, మరోవైపు గాజులోంచి కనిపించే పుస్తకాల అరలు. మధ్యలో నిలబడితే మీరు ఏ శతాబ్దంలో ఉన్నారో చెప్పడం కష్టం!

కెప్లర్ గంగాళం

గ్రహాల గమన నియమాలు కనుగొన్న యోహానెస్ కెప్లర్ 1626లో ఉల్మ్ చేరాడు. అప్పుడు జర్మనీ అంతా యుద్ధంలో ఉంది. టైకో బ్రాహి చేసిన పరిశీలనల ఆధారంగా తాను లెక్కగట్టిన గ్రహ పట్టికలను అచ్చు వేయించడానికి ఈ ఊరికి వచ్చాడు. రుడాల్ఫ్ పట్టికలు అనే ఆ గ్రంథం 1627లో ఇక్కడే అచ్చయింది.

ఆ రోజుల్లో ఉల్మ్ అంగళ్లలో కొలతలన్నీ గందరగోళంగా ఉండేవి. వాటిని సరిచేసి పెట్టమని నగర పెద్దలు కెప్లర్‌ను అడిగారు. ఆయన ఒకే ఒక కంచు గంగాళం పోయించి ఇచ్చాడు. దాని లోతు సరిగ్గా రెండు అడుగులు, ఆ ఊరి లెక్కన. అడ్డుకొలత బట్టలు కొలిచే ఒక మూర. పట్టే నీళ్లు ఒక ఐమర్, అంటే ద్రవాల కొలత. ఖాళీగా తూస్తే మూడున్నర సెంట్‌నర్లు. డాన్యూబు నీళ్లు నింపి తూస్తే ఏడు! కొలబద్దలూ కుంచాలూ తూనికరాళ్లూ అన్నీ పోయినా, ఈ ఒక్క పాత్ర మిగిలితే చాలు, అన్నింటినీ మళ్లీ తయారు చేసుకోవచ్చు. పొడవు నుంచి ఘనపరిమాణం, ఘనపరిమాణం నుంచి నీటి ద్వారా బరువు. 1795లో ఫ్రాన్సు దేశం ఒక ఘన సెంటీమీటరు నీటి బరువే గ్రాము అని నిర్ణయించింది. అదే ఆలోచన అంతకు 168 ఏళ్ల ముందే ఈ గంగాళంలో ఉంది! ఆ పాత్ర ఉల్మ్ మ్యూజియం వారి సొత్తు.

ఒరిగినవి ఎందుకు పడవు?

ఇప్పుడు నది వైపు దిగుదాం. బ్లౌ అనే చిన్న నది రెండు పాయలై డాన్యూబులో కలిసే చోట జాలరిపేట ఉంది. ఒకప్పుడు ఇక్కడ జాలర్లూ తోళ్లు ఊనేవాళ్లూ ఉండేవారు. బాంబులను తప్పించుకున్న పాత కర్రచట్రపు ఇళ్లు కొన్ని ఇక్కడ మిగిలాయి. వాటిలో ఒకటి నీటిమీదికి బాగా వాలి ఉంటుంది. దాని పేరే వాలిన ఇల్లు! నది వైపు నేల కుంగడంతో ఇల్లు 9, 10 డిగ్రీలు ఒరిగింది. 1995 నుంచి అందులో హోటలు నడుస్తున్నది. పడుకున్నవాళ్లు దొర్లిపోకుండా మంచాలను రసమట్టం చూసి సమంగా అమర్చారు.

అక్కడి నుంచి పాత కోటగోడమీద నడుస్తూ పోతే మెట్స్‌గర్ బురుజు వస్తుంది. అంటే కసాయివారి బురుజు. ఎత్తు 36 మీటర్లు. మీ దారానికి గుండు కట్టి కంటి ముందు పట్టుకుని చూడండి. దారం నిలువుగా ఉంటుంది, బురుజు ఉండదు! మెత్తని నేలమీద కట్టడంవల్ల దాని కొన 2.05 మీటర్లు పక్కకు జరిగింది. కోణం సుమారు 3.3 డిగ్రీలు.

మరి ఎందుకు పడదు? ప్రతి వస్తువుకూ గరిమనాభి ఉంటుంది. దాని నుంచి గీసిన నిలువు గీత పీఠం లోపల పడినంతవరకు వస్తువు నిలుస్తుంది. పీఠం దాటితే పడుతుంది. ఈ బురుజు గరిమనాభి సుమారు సగం ఎత్తులో ఉందనుకుంటే, అది పక్కకు జరిగింది ఒక మీటరు మాత్రమే. బురుజు పీఠం అంతకంటే చాలా వెడల్పు. అగ్గిపెట్టెను బల్లమీద నిలబెట్టి మెల్లగా వంచి చూడండి, మీకే తెలుస్తుంది.

దర్జీ ఎగిరిన చోటు

కోటగోడ వెంటే ఇంకా ముందుకు పోతే ఆడ్లర్‌బాస్టై అనే బురుజు చేరుతాం. గద్ద బురుజు అని అర్థం. మన నడకలో ఇదే చివరి మజిలీ.

ఆల్‌బ్రెక్ట్ బెర్బ్లింగర్ ఈ ఊరి దర్జీ. 1770లో పుట్టాడు. చేతిలో సూది, మనసులో యంత్రాలు. కాలు పోయినవారికి కీలు ఉన్న కృత్రిమ కాలు తయారు చేశాడు. తరువాత రెక్కలు కట్టాడు. ఊరి దగ్గరి కొండవాలులో వాటితో రహస్యంగా సాధన చేశాడని చెబుతారు. 1811 మేలో వుర్టెంబర్గ్ రాజు ఉల్మ్ వచ్చినప్పుడు డాన్యూబు దాటి ఎగురుతానన్నాడు. మే 30న కుదరలేదు. మరునాడు, వేలమంది చూస్తూ ఉండగా, బురుజుమీద కట్టిన మంచె నుంచి దూకాడు. నదిలో పడ్డాడు. జాలర్లు పడవల్లో వెళ్లి బయటికి లాగారు.

ఊరు నవ్వింది. మోసగాడన్నది. గిరాకీ పోయింది. 1829లో బెర్బ్లింగర్ పేదరికంలో కన్నుమూశాడు.

అతని రెక్కలు పనికిరానివా? కాదు. తేడా గాలిలో ఉంది. ఎండకు వేడెక్కిన కొండవాలుమీద గాలి తేలికై పైకి లేస్తుంది. రెక్కలను ఎత్తి పడుతుంది. చల్లని నదిమీద గాలి చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. ఒక గ్లైడరు ఒక మీటరు దిగేలోపల మూడు మీటర్లు ముందుకు పోగలదనుకోండి. 20 మీటర్ల ఎత్తు నుంచి 60 మీటర్లు పోవాలి. కాని చుట్టూ ఉన్న గాలే కిందికి జారుతుంటే ఆ దూరం తగ్గిపోతుంది. 1986లో ఆ సాహసం జరిగి 175 ఏళ్లయిన సందర్భంగా ఇదే చోట పోటీ పెట్టారు. కొత్త సరుకులతో, కొత్త తెలివితో వచ్చినవారు కూడా చాలామంది నీళ్లలోనే దిగారు. అప్పుడు గాని దర్జీకి ఎంత కష్టమైన చోటు దొరికిందో తెలియలేదు! మనిషి బరువును గాలిలో మోసే రెక్కలతో జర్మనీలో ఒట్టో లిలియంతాల్ వరసగా ఎగరడం మొదలుపెట్టింది 1891లో. బెర్బ్లింగర్ దూకి అప్పటికి 80 ఏళ్లు.

నవ్విన ఊరే ఈనాడు ఆ రెక్కల నమూనాను నగర సభాభవనంలో వేలాడదీసింది. అతడు పుట్టి 250 ఏళ్లయిన 2020లో, ఈ బురుజుమీద సుమారు 20 మీటర్ల ఎత్తున, నది వైపు వాలిన మెట్ల గోపురం ఒకటి నిలిపింది. పైకెక్కి కిందికి చూస్తే అతడు చూసిన నీళ్లే కనిపిస్తాయి.

రేపు కాగితంతో ఒక గ్లైడరు మడిచి, మధ్యాహ్నం ఎండలో కాగిన మైదానంమీద ఒకసారి, చెరువు ఒడ్డు దగ్గర నీటివైపు ఒకసారి, ఒకే ఎత్తు నుంచి పదేసి సార్లు వదలండి. దూరాలు రాసుకుని సగటు కట్టండి. గాలి వీచే దిక్కు కూడా రాయండి. అది నీళ్లలో పడితే నవ్వకండి, ఎందుకు పడిందో రాసుకోండి. ఉల్మ్ దర్జీని చూసిన వేలమందిలో ఆ పని చేసినవారు లేకపోయారు.