తోమినా వదలని గార

పళ్లు గారపట్టి కనిపిస్తే చూసేవారికి ముందుగా తట్టేది ఒక్కటే: సరిగా తోముకోరని. టీ, గుట్కా, ఖైనీ మరకల విషయంలో అందులో కొంత నిజముంది. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వారి విషయంలో మాత్రం అది అన్యాయం. వారి మచ్చ పన్ను మీద పట్టింది కాదు, పన్ను తయారవుతున్నప్పుడే పడింది.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదం మొదలైనట్టే. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో చిగురు కింద రూపుదిద్దుకునే పంటి పింగాణీ సరిగా గట్టిపడదు. సుద్దముక్కలా మొలిచిన పన్ను, ఆ సూక్ష్మ రంధ్రాల్లో రంగు చేరి గోధుమవర్ణానికి తిరుగుతుంది. పెద్దయ్యాక అవే నీళ్లు తాగితే పళ్లకు మచ్చ పడదు, దెబ్బ ఎముకలకు తగులుతుంది. దేశంలో ఈ జబ్బును 1937లో తొలిసారి గుర్తించింది కూడా తెలుగునేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో.

బొగ్గు, ఇటుకపొడితో రుద్దడం శుద్ధ దండగ. పింగాణీ అరిగి పళ్లు జివ్వుమంటాయి, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. తేలికపాటి మచ్చలకు దంతవైద్యులు పైపొరను సన్నగా అరగదీసి బ్లీచింగ్ చేస్తారు. ముదిరితే కాంపోజిట్ పూత, వెనీర్, చివరికి తొడుగు. వెనీర్లకు పన్నుకింత చొప్పున వేలల్లో లెక్క. పెళ్లి సంబంధాల వేళ కూతురు నోరు విప్పి నవ్వాలని కోరుకునే కూలీ ఇంటికి అది మోయలేని భారం.

అసలు మందు నీరు మార్చడమే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఇంటి కుళాయిల దాకా తెచ్చింది. కుళాయి ఆగిన రోజుల్లో పసిపిల్లల గ్లాసులోకీ, వంటగిన్నెలోకీ మళ్లీ బోరునీళ్లే చేరుతున్నాయా అన్నది తల్లిదండ్రులు గమనించుకోవాలి.