కర్నూలు, కడప సీమలలో ప్రసారనీతి పరిణామము

శబ్దతరంగములపై అధికార మెవరిది, వానిద్వారా ఎవరికొరకు, ఏ భాషలో మాటాడవలెను అను ప్రశ్నలకు ప్రభుత్వ మిచ్చు సమాధానమే ప్రసారనీతి. ప్రపంచీకరణ కాలమున ఈ సమాధానము మారిన తీరును కర్నూలు, కడప సీమల నిదర్శనముతో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యైనది. నాడు ఆ రాష్ట్రమున ఉన్న ఆకాశవాణి కేంద్రము 1948లో నెలకొన్న విజయవాడ కేంద్ర మొక్కటే. రాయలసీమకు తనదైన కేంద్రము 1963లో కడపలో లభించినది. ప్రసారము పూర్తిగా ప్రభుత్వాధీనమైన ఆ దినములలో, వర్షాభావపీడితమైన సీమకు కేంద్ర మొసగుటలో లాభగణన ప్రధానము కాలేదు. ఇది ఆ విధానమునకు గుణము. వక్త ప్రభుత్వ మొక్కటే యగుట దోషము.

1991 ఆర్థిక సంస్కరణల పిమ్మట ఈ స్థితి మారినది. శబ్దతరంగములు ప్రజల ఆస్తియనియు, వానిని ప్రజాహితమునకై ప్రభుత్వేతరమైన స్వతంత్ర సంస్థ నియంత్రింపవలెననియు 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1997లో ఆకాశవాణి ప్రసారభారతి పాలనలోనికి వచ్చినది. 1999-2000లో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు తొలి వేలము జరిగినది. అంతవరకు వక్తగా నున్న ప్రభుత్వము వేలము నిర్వహించునది కూడ నైనది.

ప్రైవేటు కేంద్రమునకు ప్రకటనల రాబడియే జీవాధారము. వానపై ఆధారపడిన అంగడిలో ఆ రాబడి స్వల్పము. కనుకనే వేలము మొదట పెద్ద నగరములను వెదకికొన్నది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము దేశమున 234 క్రొత్త పట్టణములలో 730 ఛానళ్లకు వేలమును అనుమతించినది. ఆ జాబితాలో కర్నూలు, కడప, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరులు చేరినవి. తొలి వేలమునకును దీనికిని నడుమ దాదాపు పాతికేండ్లు గడచినవి.

ప్రవేశము లభించినను స్వేచ్ఛ పరిమితమే. 2011 నాటి విధానము ననుసరించి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రము స్వంతముగా వార్తలు కూర్చరాదు. ఆకాశవాణి వార్తలను మార్పులేక పునఃప్రసారము చేయవచ్చును. వాతావరణము, నీటి సరఫరా, పరీక్షలు మున్నగు సమాచారము ఈ నిషేధమునకు లోబడదు. మెట్టసీమలో ఇది చిన్న వెసులుబాటు కాదు.

మూడవ మార్గమొకటి కలదు. 2006 విధానము స్వచ్ఛందసంస్థలకు సాముదాయిక రేడియో అనుమతి నిచ్చినది. 2008లో జహీరాబాదు ప్రాంతపు మాచనూరులో దళిత స్త్రీలు నిర్వహించు సంఘం రేడియో వెలసినది. అదియు మెట్టప్రాంతమే, అచ్చట శ్రోతలే వక్తలైరి.

భాషాధ్యయనపరులకు ఈ చర్చ పరాయిది కాదు. వేలము శ్రోతలను కొనుగోలుదారులుగా గణించును. సీమమాండలికమునకు ఆ గణనలో స్థానము నిశ్చితము కాదు. కావున, వేలము సాగినను, కడప కేంద్రము వంటి ప్రజాప్రసారమును, సాముదాయిక రేడియోను పోషించుట ప్రభుత్వ బాధ్యతగానే నిలుచుచున్నది. సీమరైతు తన నుడికారమున మాటాడుట ఎంతవరకు వినవచ్చుననునదే ప్రసారనీతికి సరియైన కొలత.