ఫోటోలో వరుసలు

తెలుగులో ఫోటోగ్రాఫర్ ఫోటో తీస్తాడు, తీయించుకునేవాళ్ళు ఫోటో 'దిగుతారు'. ఏట్లోకి దిగినట్టు, పొలంలోకి దిగినట్టు, ఫోటోలోకి కూడా దిగడమే. ఈ వాడుక ఎలా పుట్టినా, ఫోటోలో ఉన్నవాళ్ళకీ ఆ పనిలో పాలుందని ఒప్పుకుంటోంది. పెద్దవాళ్ళకి కుర్చీలు వేసి, కుర్రాళ్ళని వెనక నిలబెట్టి, పిల్లల్ని ముందు చాప మీద సర్ది, చంటిపిల్లని ఎవరి ఒళ్ళో పెట్టాలో తేల్చుకున్నాకే కుటుంబం ఫోటో సిద్ధమవుతుంది. అలా సర్దడాన్ని మనం 'వరుస' అంటాం. ముందు వరుస, వెనక వరుస. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పేదీ 'వరుసే'. "ఆయన నీకు ఏ వరుస?" అని అడుగుతాం. ఈ రెండు అర్థాలకీ మధ్య ఉన్న ఎడం గురించే ఈ వ్యాసం. కూర్చున్న వరుస కెమెరాకి చిక్కుతుంది, పిలిచే వరుస చిక్కదు. దాన్ని ఎవరో ఒకరు చెప్పాలి, లేదా రాసిపెట్టాలి. ఆ పని జరగని ఫోటో రెండు తరాలు తిరిగేసరికి ఎవరివో ముఖాలున్న అట్టముక్క అవుతుంది.

ఫోటో పుట్టకముందూ ఇదే సంగతి. కృష్ణా జిల్లాలోని చల్లపల్లికి దగ్గరలోనే, ఘంటసాల మండలంలో శ్రీకాకుళం అనే ఊరుంది. అక్కడి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి అడిగితే ఆముక్తమాల్యద రాశానని శ్రీకృష్ణదేవరాయలు ఆ కావ్యంలోనే చెప్పుకున్నాడు. ఆ రాయలు తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలు తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే ఉన్నాయి. లోకానికి ఫోటో పరిచయమైంది 1839లో. అంతకు మూడు వందల ఏళ్ళ ముందటి కుటుంబ చిత్రం ఇది. అయినా ఇది రాయలు, ఈమె ఫలానా రాణి అని ఇవాళ తడుముకోకుండా చెప్పగలుగుతున్నామంటే, ఆ పేర్లు విగ్రహాల మీదే చెక్కి ఉండబట్టే. పోలికని లోహం నిలబెట్టింది, మనుషుల్ని అక్షరాలు నిలబెట్టాయి. రాజుగారికే పేరు చెక్కించుకోవడం అవసరమైతే, మన ఇంట్లో గోడకి వేలాడే తాతముత్తాతల సంగతి చెప్పనక్కర్లేదు.

పేరు ఒక్కటీ ఉంటే చాలదనడానికి మారిషస్ సాక్ష్యం చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో మన కోస్తా రేవుల నుంచి తెలుగువాళ్ళు కూలి ఒప్పందాల మీద ఆ దీవికి, అక్కడి చెరకు తోటలకి వెళ్ళారు. 1867 నాటి కార్మిక చట్టం ఒప్పందం ముగిసిన పాత కూలీలు ఫోటో అంటించిన పాసు దగ్గర ఉంచుకుని తిరగాలని శాసించింది. ఆనాటి వలస దస్త్రాలు ఇప్పుడు అక్కడి మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ ఫోటోల్లో ముఖం ఉంది, పేరుంది, నంబరుంది. పక్కన మాత్రం ఎవరూ లేరు. మనిషి పారిపోకుండా కాపలా కాయడానికి తీసిన బొమ్మకి బంధువులతో పనేముంది? అయినా ఈ తరం వాళ్ళు ఆ దస్త్రాల్లో తమ పూర్వీకుల్ని వెతుక్కుంటున్నారు. పోలీసు చేతిలో అనుమతి పత్రంగా ఉన్నది మునిమనవడి చేతిలో పడగానే ముత్తాత అవుతుంది. కాగితం మారలేదు, సిరా మారలేదు. "ఈయన మా ముత్తాత" అనేవాడు వచ్చాడు, అంతే.

మరి ఫోటోలే మిగలకపోతే? చల్లపల్లి నుంచి అవనిగడ్డ దారి పట్టి కృష్ణ పాయ దాటితే దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన ఆ సీమని ముంచెత్తి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అంతకు ముందు 1864లో బందరుని ముంచిన ఉప్పెనకి సుమారు ముప్పై వేల మంది బలయ్యారు. తాటాకు గుడిసెతో పాటు కొట్టుకుపోయిన కుటుంబానికి ఆనవాలుగా ఒక్క ఫోటో అయినా ఉండేదా అన్నది ఎవరూ లెక్క తీయని నష్టం. 2011లో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు ఈ నష్టం ఎంతటిదో కళ్ళకి కట్టింది. యమమోటో అనే ఊళ్ళో బురదలోంచి ఏరిన ఫోటోలు దాదాపు 7,50,000. స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ఒక్కొక్కటిగా కడిగి, ఆరబెట్టి, ఊరివాళ్ళు వచ్చి చూసుకునేలా పేర్చారు. కొట్టుకుపోయిన సామానంతటిలో ఫోటోకే ఆ శ్రమ దక్కడానికి కారణం ఉంది. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, ఫోటో దిగడానికి పోయినవాళ్ళు మళ్ళీ రారు. అయితే ఆ పేర్చిన ముఖాలు ఎవరివో పోల్చాల్సింది చివరికి సొంతవాళ్ళే. పోల్చేవాళ్ళు కూడా అలలో పోయిన చోట, శుభ్రంగా కడిగిన ఫోటో అయినా దిక్కులేనిదే.

ఇక్కడ మీరొక మాట అడగొచ్చు. మా ఫోనులోనే వేల ఫోటోలున్నాయి, తేదీ, చోటు అదే రాసుకుంటుంది, ముఖాల్ని అదే పోల్చి విడివిడిగా సర్దుతుంది, ఇక పాతకాలపు అవస్థ ఎందుకు? ఈ మాటలో నిజం లేకపోలేదు. ఫోను ముఖాన్ని గుర్తుపడుతుంది, కానీ ఆ ముఖం మీకు పెదనాన్నదో, మావయ్యదో, బాబాయిదో దానికి తెలియదు. ఈ ముగ్గురినీ ఇంగ్లీషు 'అంకుల్' అనే ఒక్క మాటతో కట్టేస్తుంది. తెలుగులో నాన్న అన్నయ్య పెద్ద నాన్నే, అమ్మ అన్నదమ్ములు మాత్రం వేరే వరుస. ఎవరి ముందు అల్లరి చేయొచ్చో, ఎవరితో పరాచికాలు ఆడొచ్చో, పెళ్ళిలో ఎవరు బుట్టలో పెళ్ళికూతుర్ని మోసుకురావాలో ఆ మాటలే చెబుతాయి. అమెరికాలో సూసన్ సోంటాగ్ ఫోటోగ్రఫీ మీద రాసిన పుస్తకం 1977లోనే వచ్చింది. కుటుంబాలు చిన్నవై దూరమయ్యే కొద్దీ, చెదిరిన బంధువర్గానికి ఫోటో ఆల్బమే ఆనవాలుగా మిగులుతుందని ఆమె అందులో వాదించింది. ఉత్తర అమెరికా తెలుగువాళ్ళు న్యూయార్క్‌లో తొలి మహాసభ జరుపుకున్నదీ ఆ ఏడే. సముద్రాలు దాటిన మనకి ఆమె మాట ఇంకాస్త ఎక్కువ వర్తిస్తుంది. చల్లపల్లిలో పెరిగే పిల్లకి మేనత్త ఎవరో రోజూ వీధిలో కనిపించే మనిషి చెబుతుంది. డల్లాస్‌లో పెరిగే పిల్లకి ఫోటో చెప్పాలి. ఆ ఫోటోకి మాట నేర్పాల్సింది మనం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. కుటుంబ ఫోటో కలిగినవాళ్ళ ముచ్చట కాదా? కాదనలేం. కెమెరా ముందుగా దర్బారులకే వెళ్ళింది. నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్‌కి పేరొచ్చింది. ఘోషా స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళని నియమించాడు. చల్లపల్లి కూడా దేవరకోట సంస్థానానికి కేంద్రంగా ఉండి, తర్వాత జమీందారీ భూముల కోసం రైతుకూలీలు పోరాడిన ఊరు. కోటలోని మనిషికి తన బొమ్మ చూసుకోవడం ఎంత తేలికో, కోట పొలంలో నాట్లు వేసిన మనిషికి అంత కష్టం. మన పల్లెల్లో ఎందరో ముసలివాళ్ళకి బతికుండగా తీసిన ఒకే ఒక్క ఫోటో రేషన్ కార్డుదో, 1993 తర్వాత వచ్చిన ఓటరు కార్డుదో. వాళ్ళు పోయాక స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, బొట్టు పెట్టి దండ వేసేది ఆ బొమ్మకే. ఇది ఫోటోకి విలువ లేదనడానికి సాక్ష్యం కాదు. సర్కారు గుర్తింపు కోసం తీసిన తపాలా బిళ్ళంత బొమ్మని పూజగదిలోకి తెచ్చుకున్నారంటే, ఆ లోటు వాళ్ళని ఎంత బాధించి ఉండాలి! కలవాళ్ళ ఇళ్ళలో ఫోటోలున్నాయి కాబట్టి వాళ్ళకే చరిత్ర ఉందనుకోకూడదు. బొమ్మ లేని చోట వరుసలు చెప్పే నోరు ఇంకా ముఖ్యం.

మూడో అభ్యంతరం: బిగుసుకుని కూర్చుని దిగిన ఫోటో అబద్ధం కదా, ఇంట్లో పోట్లాటలు అందులో కనిపించవు కదా? కనిపించవు, నిజమే. మగవాళ్ళకి కుర్చీలు, ఆడవాళ్ళకి వెనక చోటు ఇచ్చిన ఫోటోలున్నాయి. నచ్చని కోడలి ముఖాన్ని కత్తిరించేసిన ఫోటోలూ ఉంటాయి. కానీ ఆ ఇంట్లో ఎవరికెంత మర్యాద దక్కిందో చెప్పేది ఆ సర్దుబాటే. నవ్వుతూ తీసుకున్న సెల్ఫీ దాచే సంగతిని బిగుసుకున్న ఫోటో దాచలేదు. పక్కన కూర్చుని "ఈవిడ ఎందుకు వెనక నిలబడింది?" అని అడిగే పిల్ల, "ఆ రోజుల్లో అంతేనే" అని మొదలుపెట్టి అసలు కథ చెప్పే అమ్మమ్మ ఉంటే చాలు, ఆ అబద్ధమే నిజాన్ని బయటపెడుతుంది.

కాబట్టి ఈసారి ఊరెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. ఉదయం ఎండ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు ఇంటి అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీయండి. ప్రింట్లు వేయించి ఒక్కో ఇంటికి ఒకటి ఇవ్వండి. ఉప్పెనలు వచ్చే నేల మీద ఒకటే ప్రతి ఉంచుకోవడం తెలివి కాదు. రెండోది, గోడ మీది పాత ఫోటోలు దింపి, ఇంట్లో పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. పేరు, ఊరు, మీకేమవుతారన్నది తెలుగులోనే రాయండి. పాత కాగితం ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయాలి, పెన్నుతో రాస్తే సిరా ఊరుతుంది. నున్నటి కొత్త ప్రింటు మీద పెన్సిల్ పడదు కాబట్టి విడి కాగితం మీద రాసి దానితోనే ఉంచండి. రాయడం మాత్రం మధ్య కుర్చీలోంచి మొదలుపెట్టకండి. అక్కడ కూర్చున్న తాతగారెవరో చెప్పేవాళ్ళు ఇంకొన్నాళ్ళు ఉంటారు. వెనక వరుసలో చివర, సగం భుజం బయటికి పోయి నిలబడ్డ మనిషి ఎవరో ముందు అడగండి.