డాక్టర్ బాబూ, ఒక్క టెస్టు!

మా ఇల్లు డోర్నకల్ జంక్షన్‌కు దగ్గర. సీరియల్లో అసలు డైలాగు వచ్చే టైముకే రైలు కూత పెడుతుంది. 2017లో స్టార్ మాలో ‘కార్తీకదీపం’ మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. అమ్మ చెయ్యెత్తి ‘ఆగు’ అంటుంది, రైలుతో!

నా కోపమంతా డాక్టర్ బాబు మీదే. పెళ్లాన్ని అనుమానించి ఏళ్లకేళ్లు నలిగిపోతాడు. అరె, నువ్వు డాక్టరువే కదా! ఒక్క డీఎన్‌ఏ టెస్టుతో తేలేదానికి ఇంత సాగదీతా? నేను నవ్వితే అమ్మ నవ్వలేదు. “నమ్మొద్దనుకున్నోనికి టెస్టెందుకు బిడ్డా” అంది, వంటింటి వైపు చూస్తూ. అక్కడ మా మేనత్త ఉంది. పెళ్లైన రెండేళ్లకే తిరిగొచ్చేసింది. ఎందుకన్నది మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఈటీవీలో జబర్దస్త్ తప్ప సీరియళ్ల జోలికి రాదు.

2022లో దీపను, కార్తీక్‌ను చంపేసి పిల్లల కథకు దూకితే అమ్మ టీవీయే కట్టేసింది. (తర్వాత బతికొచ్చారనుకోండి!) 2024 మార్చిలో ‘నవ వసంతం’ పేరుతో రెండోది వచ్చింది. ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ పరిటాలే మళ్లీ, కథ మాత్రం వేరు. ఇందులోనూ దీపకు కన్నీళ్లే. “మళ్లీ ఇదేనా” అని నేను లేవబోతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. జబర్దస్త్ పెట్టమంటుందనుకున్నా. రిమోట్ తీసుకుని సౌండు పెంచింది.