పోగు తెగితే సాంచా ఆగాలి: ఒక చిన్న బోర్డు కోసం సూరత్‌లో వెతుకులాట

సూరత్‌లో తెలుగు మాట్లాడే వాడలు తక్కువేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఈ ఇళ్లలో పుట్టి ఇంజనీరింగ్ లేదా పాలిటెక్నిక్ చదివే విద్యార్థికి ప్రాజెక్టు అనగానే ముందుగా తోచేది సాంచా.

ఒక్కో కార్మికుడు ఒకేసారి అనేక సాంచాలు చూసుకోవాలి. పడుగులో ఒక పోగు తెగిన సంగతి ఆలస్యంగా కనిపెడితే అంతవరకూ నేసిన గుడ్డలో లోపం పడిపోతుంది. మీటర్ల లెక్కన కూలి అందుకునేవారికి అది నష్టమే. దీనికి విరుగుడు పాతదే. ప్రతి పోగుకూ ఒక సన్నని లోహపు రేకు వేలాడదీస్తారు. పోగు తెగితే రేకు కిందికి జారి లోహపు కడ్డీని తాకుతుంది. దాంతో విద్యుత్ వలయం పూర్తయి యంత్రం ఆగుతుంది. ఇలాంటి ఏర్పాటు లేని పాత సాంచాలకు తక్కువ ఖర్చుతో దాన్ని అమర్చడం, ఏ సాంచా ఎందుకు ఆగిందో ఒకేచోట చూపించడం మంచి ప్రాజెక్టు అవుతుంది.

కాళ్లు చాలవు

ఆర్డుయినో యూనో బోర్డుపై 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు ఉంటాయి. ఎనిమిది సాంచాల నుంచి నాలుగేసి సంకేతాలు తీసుకోవాలంటే 32 దారులు కావాలి. ఇక్కడే విస్తరణ బోర్డు అవసరం వస్తుంది. 74హెచ్‌సీ165 అనే చిన్న చిప్ ఎనిమిది సంకేతాలను ఒకేసారి పట్టుకుని, వాటిని ఒకదాని వెనుక ఒకటిగా ఒకే తీగ మీద పంపుతుంది. ఇలాంటివి నాలుగు గొలుసుగా కలిపితే ఆర్డుయినో మూడు పిన్నులతోనే 32 సంకేతాలను చదవగలదు.

ఈ చిప్‌లను మొదట బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి చూస్తాం. బల్ల మీద అది చక్కగా పనిచేస్తుంది. సాంచా పక్కన పెడితే కథ మారుతుంది. బ్రెడ్‌బోర్డులో తీగలను పట్టి ఉంచేది చిన్న స్ప్రింగు పట్టీలే. సాంచా అదురుకు అవి వదులవుతాయి. సూరత్‌లో ఎక్కువగా నేసేది పాలిస్టర్ వంటి కృత్రిమ దారం. అది రాపిడికి స్థిర విద్యుత్తును పోగేసుకుంటుంది. పెద్ద మోటార్లు ఆన్, ఆఫ్ అయినప్పుడు పుట్టే విద్యుత్ అలజడి దీనికి తోడు. తీగ వదులైతే పోగు తెగకుండానే యంత్రం ఆగవచ్చు, లేదా తెగినా ఆగకపోవచ్చు. అందుకే భాగాలను సోల్డర్ చేసి, ఆర్డుయినో పైన గట్టిగా కూర్చునే ప్రోటోటైప్ బోర్డు కావాలి.

ఒక పిన్ను జరిగిన చిక్కు

దుకాణంలో దొరికే జీరో పీసీబీ కొని, పిన్నులు సోల్డర్ చేసి ఆర్డుయినోపై బిగిస్తే సరిపోతుందనిపిస్తుంది. ఆ బోర్డులో రంధ్రాల మధ్య దూరం 0.1 అంగుళం, అంటే 2.54 మిల్లీమీటర్లు. ఆర్డుయినో పిన్నుల మధ్యా అంతే దూరం, ఒక్కచోట తప్ప. 7వ, 8వ పిన్నుల మధ్య 0.16 అంగుళం ఖాళీ ఉంది. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో తొలి నమూనాల్లోని ఆ ఖాళీని తర్వాతివారు మార్చలేకపోయారు. మారిస్తే అప్పటికే తయారైన బోర్డులన్నీ పనికిరాకుండా పోతాయి. అందువల్ల మామూలు జీరో పీసీబీ నాలుగు వరుసల్లో మూడింటికి సరిపోయినా నాలుగోదానికి సరిపోదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకుని చేసిన బోర్డునే ప్రోటో షీల్డ్ అంటారు. కొనేటప్పుడు ఆ పేరుతోనే అడగాలి.

రాస్‌ప్‌బెర్రీ పై వాడితే 40 పిన్నుల వరుసకు సరిపోయే ప్రోటోటైప్ బోర్డులు వేరుగా దొరుకుతాయి. దాని పిన్నులు 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. యూనోకు చేసిన 5 వోల్టుల వలయాన్ని అలాగే కలిపితే చిప్ పాడవుతుంది.

ఖాళీ బోర్డు కొని సొంత వలయం కట్టుకునే అలవాటు వ్యక్తిగత కంప్యూటర్ల తొలినాళ్ల నుంచీ ఉంది. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800లో 100 పిన్నుల బస్సు ఉండేది. 1977లో వచ్చిన యాపిల్ 2లో ఎనిమిది స్లాట్లు ఉండేవి. అభిరుచి గలవారు వాటిలో తమ సొంత కార్డులు పెట్టుకునేవారు.

ఎక్కడ దొరుకుతాయి?

సూరత్ నుంచి రైల్లో సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని ముంబై లామింగ్టన్ రోడ్డు పేరున్న ఎలక్ట్రానిక్స్ బజారు. బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ వీధి అలాంటివే. హైదరాబాద్‌లో ఈ సరుకుకు పేరున్న చోటు కోఠిలోని గుజరాతీ గల్లీ. గుజరాత్‌లోని తెలుగు విద్యార్థి సొంతూరికి వచ్చినప్పుడు గుజరాతీ గల్లీలోనే బోర్డు కొనుక్కోవచ్చన్నమాట!

సరిపోయే బోర్డు దొరకకపోతే తయారు చేసుకోవచ్చు. కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వలయం గీసి, గెర్బర్ ఫైళ్లను పీసీబీ తయారీదారుకు పంపితే బోర్డులు ఇంటికి వస్తాయి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇలాంటి నమూనాల తయారీ కోసం ఏర్పడినదే. బడి పిల్లలకైతే 6 నుంచి 12 తరగతుల వారికోసం పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి.

బిగించే ముందు

బోర్డు కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి: పిన్నుల అమరిక మన కంప్యూటర్ బోర్డుకు సరిపోతుందా, వోల్టేజీ ఒకటేనా, పైన మరో బోర్డు పెట్టేందుకు పొడవు పిన్నులు ఉన్నాయా. ఆర్డుయినో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి వాడకపోవడం మంచిది. అందుకే రిలేను నేరుగా కలపకూడదు. మధ్యలో ట్రాన్సిస్టరు, రిలే చుట్టకు అడ్డంగా డయోడు ఉండాలి. సాంచా నుంచి వచ్చే తీగలకూ ఆర్డుయినోకూ మధ్య ఆప్టోకప్లర్ పెడితే సంకేతం కాంతి రూపంలో దాటుతుంది, అలజడి చాలావరకు అవతలే ఆగిపోతుంది. మోటారు విద్యుత్ తీగల జోలికి మాత్రం అనుభవమున్న ఎలక్ట్రీషియన్ లేకుండా వెళ్లకూడదు.

పూర్తయిన బోర్డును ముందు ఒకే సాంచాకు బిగించి, కొన్ని రోజులు దీపం మాత్రమే వెలిగేలా నడపాలి. ఎన్నిసార్లు పోగు తెగింది, ఎన్నిసార్లు దీపం వెలిగింది అన్నది సాంచా నడిపే మనిషి చేతే రాయించాలి. ఆ రెండు లెక్కలూ కలిసిన తర్వాతే యంత్రాన్ని ఆపే రిలే తీగను కలపాలి.