పిల్లి ఉన్న ఇంట్లో క్రిస్మస్ చెట్టు

డిసెంబరు నెల వచ్చేసరికి జర్మనీలోనూ, ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ లక్షలాది ఇళ్ళల్లో ఒక వింత జరుగుతుంది. ఏడాది పొడుగునా బయట ఉండవలసిన చెట్టు ఇంటి లోపలికి వస్తుంది. హాలులో ఒక మూల నిలబడుతుంది. దానికి గాజుబంతులూ, దీపాలూ, తళుకు తోరణాలూ కడతారు. పిల్లలూ, మనకిది పండుగ అలంకారం. కాని ఆ ఇంట్లో ఒక పిల్లి ఉందనుకోండి. దానికి ఈ చెట్టు ఎలా కనిపిస్తుందో ఊహించండి. ఎక్కడానికి మాను, దాక్కోవడానికి కొమ్మలు, కొమ్మకొమ్మకూ పిట్టల్లాగా ఊగే వస్తువులు! ఇవన్నీ ఎవరో తన కోసమే తెచ్చిపెట్టారని అది అనుకుంటే దాని తప్పేముంది?

చెట్టును ఇంట్లోకి తెచ్చే ఆచారం జర్మను భాష మాట్లాడే ప్రాంతాల్లో పుట్టింది. స్ట్రాస్‌బుర్గ్ నగరంలో ఫర్ చెట్లను తెచ్చి గదుల్లో నిలబెట్టి, వాటికి కాగితపు గులాబీలూ, ఆపిల్ పళ్ళూ, మిఠాయిలూ వేలాడదీస్తారని 1605లోనే ఒకరు రాసిపెట్టారు. ఇంగ్లండులో విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు జర్మనీవాడు. రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మ 1848లో ఒక లండను పత్రికలో అచ్చయ్యాక, అందరికీ ఆ సరదా పుట్టింది. ఆ రోజుల్లో కొమ్మలకు నిజమైన కొవ్వొత్తులే వెలిగించేవారు. ఎండుతున్న చెట్టు, మండుతున్న కొవ్వొత్తి, దూకుతున్న పిల్లి, ఈ మూడూ ఒకచోట చేరితే ఇంకేమైనా ఉందా? 1882లో న్యూయార్కులో, ఎడిసన్ వద్ద పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన తన ఇంటి చెట్టుకు 80 చిన్న విద్యుద్దీపాలు అమర్చాడు. నిప్పు భయం తగ్గింది గాని, పిల్లి కొరకడానికి తీగ ఒకటి వచ్చింది.

మన కోస్తాలో కొందరు క్రైస్తవుల ఇళ్ళల్లో సరుగుడు కొమ్మనే ఇసుక పోసిన బాల్చీలో నిలబెట్టి క్రిస్మస్ చెట్టు చేస్తారు. ఇప్పుడు ప్లాస్టిక్ చెట్లు కూడా బజారులో దొరుకుతున్నాయి. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళల్లో కూడా, పిల్లల ముచ్చట కొద్దీ చెట్టు పెట్టేవారున్నారు. ఫర్ అయినా, సరుగుడయినా, ప్లాస్టిక్ అయినా, పిల్లికి అంతా ఒకటే.

ఎందుచేతనంటే, మన ఇంటి పిల్లి ఆఫ్రికాలోనూ, పశ్చిమాసియాలోనూ తిరిగే అడవిపిల్లి సంతతిది. మనుషులు పంటలు పండించి ధాన్యం నిలవ చేయటం మొదలుపెట్టాక, ఎలుకల కోసం అది మన దరిజేరింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళనాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు కనబడినట్టు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇన్ని వేల ఏళ్ళు మనతో ఉన్నా, పిల్లి దేహం మటుకు వేటగాడి దేహంగానే ఉండిపోయింది.

దాని గోళ్ళు చూడండి. కొడవలిలాగా వంగి ఉంటాయి. పైకి పాకేటప్పుడు ఆ కొక్కేలు బెరడులో దిగబడి బరువును ఆపుతాయి. అందుకే పిల్లి చెట్టెక్కడం చూస్తూండగానే అయిపోతుంది. దిగడం మాత్రం అలా కాదు. తల కిందుగా దిగితే గోళ్ళ వంపు ఎదురు తిరుగుతుంది, పట్టు దొరకదు. వెనక్కు వెనక్కు దిగాలి, లేదా దూకాలి. హాలులోని చెట్టు మీదినుంచి పిల్లి దూకిందంటే, చెట్టు కూడా దాని వెంట వస్తుంది!

ఇక కళ్ళు. ఎర్రబంతి మెరుస్తోంది కనుక పిల్లి దానిమీద పడుతుందని మనం అనుకుంటాం. కాని ఎరుపు రంగు మనకు కనిపించినట్టు దానికి కనిపించదు. దాన్ని పిలిచేది రంగు కాదు, కదలిక. మసక వెలుతురులో కూడా చిన్న కదలికను పసిగట్టగల కళ్ళవి. అందుచేత బంతిని పొడుగాటి దారంతో వేలాడదీస్తే పిల్లిని పిలిచినట్టే. కొమ్మకు బిగించి కట్టితే చాలావరకు దాని జోలికి రాదు.

గాజుబంతి పగిలితే చిమ్మి పారేయవచ్చు. చెట్టు పడితే మళ్ళీ నిలబెట్టవచ్చు. నిజంగా భయపడవలసిన వస్తువు వేరే ఉంది. వెండి పోగుల్లాగా సన్నగా వేలాడే తళుకులున్నాయే, టిన్సెల్ అంటారు, అవీ, బహుమతులకు కట్టే రిబ్బన్లూ, దారాలూ పిల్లి ప్రాణం మీదికి తెస్తాయి.

పిల్లి మీ చెయ్యి నాకినప్పుడు గరుకుగా తగులుతుంది గదా? దాని నాలుక మీద మన గోళ్ళవంటి పదార్థంతోనే చేసిన సన్నని ముళ్ళుంటాయి. అవన్నీ గొంతు వైపుకు వంగి ఉంటాయి. ఆ ముళ్ళ కొనలు చెంచాల్లాగా గుల్లగా ఉంటాయనీ, వాటితో ఉమ్మిని పిల్లి తన బొచ్చు లోపలిదాకా పట్టిస్తుందనీ 2018లో అమెరికాలో జార్జియా టెక్ విద్యాసంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. బొచ్చు దువ్వుకోవడానికి ఇంతకన్న మంచి దువ్వెన లేదు. కాని అదే నాలుకకు ఒక పోగు చిక్కుకుంటే, ఉమ్మివేయటం పిల్లికి చాలా కష్టం. ముళ్ళు దాన్ని లోపలికే నెడుతూంటాయి. ఒక జాన పోగు ఆ విధంగా కడుపులోకి పోతుంది.

లోపల ఏమవుతుందో తెలుసుకోవాలంటే మీ లాగూ నాడాను చూడండి. నాడా ఒక కొసను పట్టుకుని బట్టను తోస్తే, బట్ట అంతా కుచ్చెళ్ళు పడి ముడుచుకుంటుంది. పోగు ఒక కొస నాలుక మొదట్లోనో, కడుపు చివరనో తగులుకుని ఉండిపోతుంది. రెండో కొస పేగులోకి జారుతుంది. పేగు దాన్ని ముందుకు తోయబోయి, తానే కుచ్చెళ్ళలాగా దానిమీదికి ఎక్కుతుంది. బిగిసిన పోగు పేగును కోసేస్తుంది కూడా. అటువంటి పిల్లి వాంతులు చేసుకుంటుంది, తిండి మానేస్తుంది, మంచం కిందికి దూరి బయటికి రాదు. నోటి నుంచి గాని, తోక కింద గాని పోగు కొస వేలాడుతూ కనిపిస్తే దాన్ని లాగకూడదు. పెద్దవాళ్ళను పిలిచి వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. చాలాసార్లు కడుపు కోసి తీయవలసి వస్తుంది.

పూర్వం ఈ తళుకులను సీసపు రేకుతో చేసేవారు. సీసం విషం కనుక చిన్నపిల్లలకు అపాయమని అమెరికా ప్రభుత్వం చెప్పగా, అక్కడి వ్యాపారులు 1972 నుంచి వాటిని మానుకున్నారు. ఇప్పటివి ప్లాస్టిక్‌వి. విషం పోయింది. కాని పేగులో చిక్కుకోవడానికి సీసమైతే ఏమి, ప్లాస్టిక్ అయితే ఏమి? పిల్లి ఉన్న ఇంట్లో టిన్సెల్ వద్దు. దీనికి వేరే ఉపాయం లేదు.

మిగతావాటికి ఉపాయాలున్నాయి. చెట్టు అడుగున వెడల్పయిన బరువు పెట్టాలి. పైకొనను గట్టి దారంతో కిటికీ కమ్మీకో, గోడ మేకుకో కట్టాలి. బీరువా పక్కన నిలబెట్టవద్దు, పిల్లికి అది మెట్టు అవుతుంది. మొదటి రెండు రోజులూ అలంకారమేమీ లేకుండా వట్టి చెట్టునే ఉంచండి. పిల్లి చుట్టూ తిరిగి, వాసన చూసి, చివరకు విసుగు పుట్టి పడుకుంటుంది. తరువాత కింది కొమ్మలకు కొయ్యబొమ్మలూ, గుడ్డబొమ్మలూ, గాజువి బాగా పైన. రాత్రి పడుకోబోయే ముందు దీపాల ప్లగ్గు ఊడదీయండి.

నిజమైన చెట్టయితే మొదట్లో నీళ్ళ తొట్టి ఉంటుంది. పిల్లులకు ఆ నీళ్ళంటే ఎందుకో మహా ఇష్టం. దానికి మూత పెట్టాలి. చెట్టు వాడకుండా ఉండటానికి కొందరు ఆ నీళ్ళలో ఎరువులూ, ఆస్పిరిన్ మాత్రలూ వేస్తారు. అది మంచిది కాదు. మన కాలేయం విరిచివేయగల కొన్ని పదార్థాలను పిల్లి కాలేయం విరవలేదు. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయటానికి. పైన్ తైలంవంటి ఘాటైన సుగంధ తైలాలు కూడా దానికి పడవు. పండుగ పూలలో లిల్లీ ఉంటే ఇంట్లోకే తేవద్దు, దాని పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. పాయిన్‌సెట్టియా అనే ఎర్రాకుల మొక్కకు ఉన్న చెడ్డపేరు మాత్రం అతిశయోక్తే. అది తింటే నోరు మండి, కొంచెం వాంతి కావచ్చు, అంతే.

చెట్టెక్కిన పిల్లిని కొడితే? చెట్టుకూ దెబ్బకూ సంబంధం దానికి తెలియదు. మిమ్మల్ని చూసి పారిపోవటం మటుకు నేర్చుకుంటుంది. దానికి బదులు కిటికీ పక్కన ఎత్తుగా ఒక బల్ల వేయండి. గోళ్ళు గీసుకోవడానికి తాడు చుట్టిన గుంజ ఒకటి పెట్టండి. సాయంకాలం పావుగంట దానితో ఆడండి. ఆట అయ్యాక ఆడించిన దారాన్ని పెట్టెలో దాచటం మరవద్దు.

ఇంతసేపూ పిల్లికి ఏమవుతుందోనని మనం భయపడ్డాం. పిల్లిని చూసి మనుషులే భయపడే క్రిస్మస్ ఒకటుంది. ఐస్‌లండు దేశపు కథల్లో యోల్ పిల్లి అని ఒక భూతం ఉంది. అది ఇంటికన్న ఎత్తట! క్రిస్మస్‌కు కొత్తబట్ట ఒక్కటైనా లేనివారిని అది తినేస్తుందట. పండుగలోగా ఉన్ని పనులు ముగించటానికి పెద్దలు ఈ కథ చెప్పి పనివాళ్ళనూ, పిల్లలనూ తొందరపెట్టేవారంటారు. ఆ దేశపు పిల్లలకు క్రిస్మస్‌కు ఒక జత మేజోళ్ళు వచ్చినా గుండె కుదుటపడేది కాబోలు!

జనవరి 6వ తేదీకి చాలా ఇళ్ళల్లో చెట్టు తీసేస్తారు. ఆ రోజు చీపురు తీసుకుని మూలమూలలా ఊడ్వాలి. రాలిన ఆకులు సూదుల్లాగా ఉంటాయి, పాదాలకూ గుచ్చుకుంటాయి, కడుపులోనూ అరగవు. దారపు ముక్కలు సోఫా కిందికీ, తివాసీ కిందికీ పోయి ఉంటాయి. బహుమతులు వచ్చిన అట్టపెట్టెల్లో పెద్దదాన్ని మటుకు అప్పుడే పారేయకండి. పిల్లి అందులో పడుకుని ఉండవచ్చు.