కడప రాయి గట్టుకు కొత్త కళ

రంజాన్ సమీపించగానే మన దృష్టి వంటింటి గట్టుపై పడుతుంది. మసకబారిన కడప రాయిని తీసివేసి గ్రానైట్ వేయించాలని, చేతిలో సొమ్ము లేక వడ్డీ అప్పుకు సిద్ధపడే కుటుంబాలను మనం ఎరుగుదుం. హరామ్ అయిన ఆ భారం మనకు అవసరమా?

కడప రాయి సున్నపురాయి జాతికి చెందినది. నిమ్మరసం, చింతపులుసు, వినెగర్ తగిలితే దాని నునుపు పోయి తెల్లమచ్చలు పడతాయి. వాటిని వదిలించాలని మళ్లీ నిమ్మచెక్కతోనే రుద్దితే రాయి మరింత పాడవుతుంది.

మొదట అతుకుల్లో ఊడిన సిమెంటును గీకివేసి, కొత్తది నింపి ఆరనివ్వాలి. తరువాత సబ్బునీటితో జిడ్డు వదిలించి, రాయిని తడుపుతూ 220, 400, 800 నంబరు వాటర్ పేపర్లతో వరుసగా రుద్దాలి. కడిగి, ఒక రోజు ఆరనిచ్చి, కొబ్బరినూనెను పలుచగా పట్టించాలి. అరగంట తరువాత పొడిబట్టతో తుడిస్తే నలుపు తేరుతుంది. కళ తగ్గినప్పుడల్లా మళ్లీ నూనె పట్టిస్తే చాలు.

దుబారాను దివ్యఖుర్ఆన్ (17:26, 27) తీవ్రంగా మందలించింది. ఉన్నదానిని బాగుచేసుకోవడం పిసినారితనం కాదు; అల్లాహ్ అనుగ్రహానికి కృతజ్ఞత. మిగిలిన సొమ్ములో కొంత పేద పొరుగువారి ఇఫ్తార్‌కు చేరితే, మన వంటింటికి అంతకు మించిన శోభ ఏముంటుంది?